వీధి విడిచి తెరకెక్కిన గుర్రం

ఇరవయ్యో శతాబ్దపు బ్రిటన్ సాంఘిక చరిత్ర చదువుతున్నప్పుడు ఒక విచిత్రం నన్ను చాలాకాలం వదలలేదు. పొలంలోంచీ, వీధిలోంచీ, రైల్వే యార్డులోంచీ గుర్రం కనుమరుగైపోతున్న ఆ పాతికేళ్ళలోనే, అది టెలివిజన్ ద్వారా ఇంటింటా అడుగుపెట్టింది. బండికి కట్టినన్నాళ్ళూ పేరైనా తెలియని జంతువు, బండి విప్పేశాక అందరికీ పేరుపేరునా పరిచయమైంది. ఇది యాదృచ్ఛికమా?

ఈ కథకు మూలపురుషుడు కల్నల్ మైక్ ఆన్సెల్ అనే ఆశ్విక దళాధికారి. 1940లో ఫ్రాన్సులో గాయపడి, చూపు పోగొట్టుకుని, జర్మనులకు బందీగా చిక్కాడు. చెరలో ఉండగానే సాటి బందీలైన అధికారులతో యుద్ధానంతరం గుర్రపు దూకుడు పోటీలు ఎలా ఉండాలో చర్చించేవాడు. 1943లో విడుదలై స్వదేశం చేరాడు. మరుసటి ఏడే ఆ క్రీడాసంఘానికి అధ్యక్షుడయ్యాడు. లక్షలమంది కళ్ళకు పండుగ చేసిన వినోదాన్ని తీర్చిదిద్దినవాడు దాన్ని తన కళ్ళతో చూడలేకపోయాడు.

ఆయన మార్చినదేమిటో తెలియాలంటే అంతకుముందు ఏముండేదో చూడాలి. పాత పద్ధతిలో ప్రతి అడ్డు మీదా ఒక సన్నని చెక్కబద్ద పెట్టేవారు. గిట్ట తగిలి అది జారిపడితే తప్పు కింద లెక్క. కాలంతో పనిలేదు కనుక రౌతులు తీరిగ్గా చక్కర్లు కొట్టి, గుర్రాన్ని సముదాయించి, అప్పుడు దూకించేవారు. చూసేవాళ్ళకు ఆవులింతలు వచ్చేవి. యుద్ధం తరువాత ఆ బద్దలు పోయాయి. కాలపరిమితి వచ్చింది. అడ్డులకు రంగులూ, అలంకారాలూ వచ్చాయి. సమంగా నిలిచినవారికి గడియారంతో పోటీగా మరొక విడత పెట్టారు.

ఈ మార్పులన్నీ కెమెరా కోసమే పుట్టినట్టుంటాయి. గుర్రప్పందెంలో పది గుర్రాలు ఒక్కసారి దూరాన పరుగెడతాయి. ఇక్కడ ఒక్క గుర్రం, ఒక్క మనిషి, తెరలో పట్టేంత బరి. కర్ర పడితే చప్పుడు వినిపిస్తుంది, నాలుగు తప్పులు. ఆట తెలియని ముసలమ్మకైనా ఇది అర్థమవుతుంది. 1949లో హారింగే క్రీడామందిరంలో మొదలై, 1959లో వెంబ్లీకి మారిన 'హార్స్ ఆఫ్ ది ఇయర్ షో' బీబీసీ ప్రేక్షకులకు ఏటా వచ్చే పండుగలా అలవాటైంది. దానికి బీబీసీ ఎన్నుకున్న బాణీ మోజార్ట్ 1787లో రాసినది. చేతకాని స్వరకర్తలను వెక్కిరించడానికి ఆయన సరదాగా కట్టిన రచన అది. బ్రిటన్‌లో ఆ స్వరం వింటే మోజార్ట్ కాక గుర్రాలే గుర్తొచ్చేవాళ్ళు ఒక తరమంతా ఉన్నారు.

తెర తారలనూ సృష్టించింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు దక్కిన ఏకైక స్వర్ణం చివరిరోజున హ్యారీ లెవెలిన్ జట్టు గెలిచినదే. ఆయన గుర్రం ఫాక్స్‌హంటర్ ఇంటింటి పేరైంది. 1959లో అది చనిపోతే వేల్స్‌లో బ్లోరెంజ్ అనే కొండమీద సమాధి కట్టారు. 1956లో పాట్ స్మైత్ ఈ విభాగంలో ఒలింపిక్ బరిలో దిగిన తొలి మహిళల్లో ఒకరైంది. ఆడపిల్లలకు గుర్రపు స్వారీ ఒక కల కావడంలో ఆమె పాత్ర తక్కువది కాదు. 1968లో మెక్సికోలో మారియన్ కోక్స్ రజతం గెలిచింది, భుజం దగ్గర నాలుగడుగుల తొమ్మిది అంగుళాలే ఉన్న స్ట్రోలర్ అనే పొట్టి గుర్రం మీద.

ఇప్పుడు తెర వెనక్కి వద్దాం. అవే సంవత్సరాలలో ట్రాక్టర్లు పొలాల్ని ఆక్రమించాయి. దున్నే గుర్రాలు వేలకు వేలు కబేళాలకు తరలిపోయాయి. బ్రిటిష్ రైల్వేలో పెట్టెలు లాగే చివరి గుర్రం చార్లీ. న్యూమార్కెట్‌లో అది 1967లో పని విరమించింది. స్ట్రోలర్ పతకానికి ముందటి సంవత్సరమే! ఒకటి ఆఖరి కూలీ, మరొకటి కొత్త తార. తార పేరు లక్షలమందికి తెలుసు. కూలీ కథ రైళ్ళ మీద మక్కువ ఉన్నవాళ్ళు గుర్తుంచుకున్నారు.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అని మన సామెత. అది గుర్రాన్ని పనిముట్టుగా చూసిన కాలపు మాట. టెలివిజన్ ఆ మాటను తిరగేసినట్టు కనిపిస్తుంది: తెరమీద గుర్రం స్నేహితుడు, వీరుడు. కానీ కెమెరా బరిని చూపించింది, సాలను చూపలేదు. 1990లో పశ్చిమ జర్మనీలో రహస్యంగా తీసిన దృశ్యాలు బయటపడ్డాయి. గుర్రం అడ్డు దాటే క్షణంలో కాళ్ళకు కర్ర తగిలించి, నొప్పి భయంతో మరింత ఎత్తు దూకేలా చేసే శిక్షణ అందులో కనిపించింది. చూసినవాళ్ళు నిర్ఘాంతపోయారు. అంతవరకూ వాళ్ళు మెచ్చుకున్న ఎత్తులన్నిటి వెనకా ఏముందోనన్న అనుమానం అప్పుడు మొదలైంది.

అందుచేత నా ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది. యాదృచ్ఛికం కాదు. అవసరం తీరిన తరువాతే మనిషి దేన్నయినా నిశ్చింతగా ప్రేమించగలడు. రోజూ కొరడా పట్టవలసినవాడికి గుర్రపు అందాన్ని తీరిగ్గా చూసే వెసులుబాటు తక్కువ. బండి పని యంత్రం తీసుకున్నాక ఆ వెసులుబాటు దొరికింది, దాన్ని టెలివిజన్ నింపింది. ఆ ప్రేమ అబద్ధం కాదు. కాకపోతే అది ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు కూడా దీపాల వెలుగులో దూకుతున్న గుర్రాన్నే చూసింది. పొలాల నుంచి కబేళాకు నడిచిపోయిన వేల గుర్రాలలో ఒక్కదానికైనా కొండమీద సమాధి లేదు.