రామదాసు చెరసాల కీర్తనలు

భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న (17వ శతాబ్దం) గోల్కొండ కోటలో బందీగా ఉన్నప్పుడు రచించినట్లు చెప్పబడే కీర్తనలను చెరసాల కీర్తనలు అనవచ్చును.

నేపథ్యం

నేలకొండపల్లిలో జన్మించిన గోపన్న, తానీషా పాలనలో పాల్వంచ పరగణా తహసీలుదారు. శిస్తు సొమ్మును భద్రాచల ఆలయ నిర్మాణానికి వెచ్చించినందున చెరసాల పాలయ్యాడు. పన్నెండేళ్ళు బందీగా ఉన్నాడని ప్రతీతి.

దుఃఖం, పశ్చాత్తాపం

ఈ కీర్తనలలో దుఃఖం ఒకచోట మొరగా, మరొకచోట నిందగా వినిపిస్తుంది. ప్రసిద్ధమైన ఒక నిందాస్తుతిలో సీతమ్మకు, రాముని తమ్ములకు చేయించిన నగలను వరుసగా పేర్కొని, ఖరీదులు చెప్పి రాముణ్ణి నిలదీస్తాడు. చివరకు, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని పశ్చాత్తాపంతో వేడుకొంటాడు. లెక్కలు వ్రాసిన అధికారి తన వేదనను సైతం లెక్కగానే పాడుకొనడం ఇందలి విశేషం.

ప్రభావం

త్యాగరాజు తన కృతులలో రామదాసును స్మరించాడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానంతో 20వ శతాబ్దంలో ఈ కీర్తనలు మరింత ప్రాచుర్యం పొందాయి.