తెంకణ: ఒక సాలీడు ఇంటిపేరు కథ

దేవరాయనదుర్గ కొండల్లో పుట్టి, కొరటగెరె, మధుగిరి తాలూకాల మీదుగా ఉత్తరానికి పారే జయమంగళి హిందూపురం దగ్గర, పరిగి మండలంలో పెన్నలో కలుస్తుంది. ఈ ఏటి పేరు 2024లో శాస్త్రవేత్తల సాలీళ్ల పట్టీకెక్కింది. కర్ణాటకలో దొరికిన ఒక గెంతుడు సాలీడుకు కిరణ్ మరాఠే, జాన్ కేలబ్, వేన్ మాడిసన్, కృష్ణమేఘ్ కుంటే తదితరులు ‘తెంకణ జయమంగళి’ అని పేరు పెట్టారు. అందులో జయమంగళి జాతి పేరు. దక్షిణమని అర్థమిచ్చే తెంకణ ప్రజాతి పేరు, అంటే ఇంటిపేరు. ఆ ఇంటిపేరు కూడా కొత్తదే.

అయితే ఇంట్లో వాళ్లంతా కొత్తవాళ్లు కారు. మను, అర్కావతి అనే రెండు జాతులు అంతకు దాదాపు పదేళ్ల ముందు నుంచే తెలుసు. వాటిని కొలోప్సస్ అనే ప్రజాతిలో చేర్చి ఉంచారు. ఫ్రాన్సుకు చెందిన యూజీన్ సిమోన్ 1902లో ఏర్పరచిన ప్రజాతి అది. దగ్గరి చుట్టాలు తడి అడవులను అంటిపెట్టుకుని ఉంటే, ఈ రెండూ మెట్ట ప్రాంతాల్లో నేల మీద తిరుగుతాయి. మరి ఇవి నిజంగా ఆ ఇంటివేనా?

బతికే తీరు అనుమానానికి పనికొస్తుంది గాని రుజువుకు చాలదు. రుజువు కోసం మైక్రోస్కోపు కింద చూడాల్సింది మగ సాలీడు నోటి పక్కన ఉండే రెండు పొట్టి అవయవాలను. పైకి చిన్న కాళ్లలా ఉంటాయి. ఎదిగిన మగదానిలో వాటి కొస ఉబ్బి బుడిపెలా ఉంటుంది, దాని నుంచి సన్నని ముల్లు బయటికొస్తుంది. వీర్యాన్ని ఆడదానికి అందించేది దీనితోనే. ఆ బుడిపె ఆకారం, ముల్లు వంపు జాతికొక తీరు. ఆడదానికైతే పొట్ట అడుగున జననరంధ్రం దగ్గరి పలకను చూస్తారు. ఇవి పూర్తిగా ఏర్పడేది ఆఖరుసారి కుబుసం విడిచాకే. అందుకే పిల్ల సాలీడును చూసి జాతి తేల్చడం చాలాసార్లు కుదరదు.

దీనికి తోడు ఎనిమిది జన్యువులను పోల్చి చూశారు. మను, అర్కావతి, జయమంగళి మూడూ ఒకే కొమ్మగా నిలిచాయి, కొలోప్సస్ వేరుగా పోయింది. దాంతో ఇల్లు మార్చక తప్పలేదు. మనును కొత్త ప్రజాతికి ప్రామాణిక జాతిగా నిలబెట్టారు. రేపెవరైనా ఈ ప్రజాతిని మళ్లీ చీల్చినా, తెంకణ అనే పేరు మను ఉన్న వైపే ఉంటుంది.

ఈ పేర్ల లెక్క స్వీడన్‌లో మొదలైంది. కార్ల్ క్లెర్క్ 1757లోనే తన దేశపు సాలీళ్లకు రెండు మాటల పేర్లు పెట్టాడు. జంతువులన్నిటికీ లిన్నేయస్ పద్ధతి స్థిరపడింది 1758లో. 2022 నాటికి పేరున్న సాలీళ్ల జాతులు యాభై వేలు దాటాయి. వాటిలో ఆరు వేలకు పైగా గెంతుడు సాలీళ్లవే, కుటుంబాల్లో అదే పెద్దది. హిందూపురం, ధర్మవరం ఇళ్లలో గోడల మీద ఈగ కోసం పొంచి, ఒక్క గెంతులో పట్టేసేవీ ఆ కుటుంబానివే. వేటకు వాటికి గూడు అక్కర్లేదు.

మన రాయలసీమకు సాలీళ్ల చరిత్రలో తెంకణ కంటే చాలా ముందే చోటుంది. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు పెద్ద సాలీడుకు పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. జాతి కొత్తదే గాని, ఇంటిపేరు 1885లో సిమోన్ పెట్టినదే. ఆ తర్వాత వందేళ్లు దాని జాడ లేదు. 2001లో మళ్లీ కనిపించింది గుత్తిలో కాదు, దాదాపు వంద కిలోమీటర్ల అవతల నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. కలపతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందని అంచనా. 2008లో దాన్ని తీవ్రంగా అంతరించే ముప్పున్న జాతిగా ప్రకటించారు.

గుత్తి సాలీడు విషయంలో ఇంటిపేరు సరిపోయింది, ఊరి పేరు దారి తప్పించింది. తెంకణ విషయంలో ఊరు సరిగానే ఉంది, ఇంటిపేరే మారింది. కాబట్టి పెనుకొండ గుట్టల కిందో, చిత్రావతి ఒడ్డునో నేల మీద గెంతే చిన్న సాలీడు కొత్తగా కనిపిస్తే రంగు చూసి సంబరపడితే చాలదు. అది ఎదిగినదో కాదో చూడాలి, ఏ రోజు, సరిగ్గా ఏ చోట, రాతి మీదా ఎండుటాకుల్లోనా అన్నది అక్కడే రాసిపెట్టుకోవాలి. పేరు తర్వాత ఎన్నిసార్లు మారినా, ఆ చీటీ మాత్రం పనికొస్తూనే ఉంటుంది.