నీరు విడిచిన నావ

మునిగిన నావను నీరే కాపాడుతుంది. వినడానికి వింతగా ఉన్నా, పురాతత్త్వజ్ఞులకు ఇది అనుభవసిద్ధమైన విషయం. బురద క్రింద గాలి సోకక కొయ్య శతాబ్దాల తరబడి నిలుస్తుంది. ఒడ్డున బయల్పడిన నాటినుండే దాని ఆయుష్షు తరుగుతుంది.

1986 జనవరిలో, అనావృష్టివల్ల ఇజ్రాయెల్ దేశంలోని గలిలయ సరస్సు చాలదూరం వెనుకకు తీసినది. గినోసార్ గ్రామానికి చెందిన ఇద్దరు మత్స్యకార సోదరులు ఆ బురదనేలలో ఒక నావ అంచును గుర్తించినారు. నౌకాపురాతత్త్వవేత్త షెల్లీ వాక్స్‌మన్ వచ్చి కొద్దిమేర మట్టి తొలగించి చూచినారు. పలకల అంచులలో బెజ్జాలు తొలిచి, కొయ్యకుసులు దిగవేసి, చీలలతో బిగించిన పనితనం కనిపించినది. మన తూర్పుతీరపు మసూలా పడవల పలకలను కొబ్బరిత్రాటితో కుట్టేవారు. అక్కడివారు కుసులతో కూర్చినారు. ఆ కూర్పును బట్టియే అది ప్రాచీనకాలపు నావ అని తేలినది. చూచినంతమేరను వెంటనే తిరిగి కప్పివేసినారు.

అంతలో ఒక వదంతి పుట్టినది. అది మొదటి ప్రపంచయుద్ధంలో మునిగిన తురుష్కుల ఓడ అనీ, నిండా బంగారు నాణేలున్నవనీ! నిధికోసం రాత్రివేళ వెదకేవారు బయలుదేరినారు. మరొకవంక వర్షాలు కురిసి సరస్సు మట్టం పెరగసాగినది. నెలల తరబడి సాగవలసిన త్రవ్వకాన్ని, చుట్టూ కట్ట వేసి, రాత్రింబవళ్లు శ్రమించి, ఫిబ్రవరిలో రెండు వారాలైనా పట్టకుండా ముగించవలసి వచ్చినది.

అంత తొందరలోనూ పలకపలకకు సంఖ్య తగిలించడం, కొలవడం, పటం గీయడం, ఛాయాచిత్రాలు తీయడం మానలేదు. కాలు మోపితే నలిగిపోయే కొయ్య అది. అందుచేత పైన ఇనుపచట్రం నిలిపి, దానికి వ్రేలాడే బల్లలపై బోర్లాపడుకొని, చేతివ్రేళ్లతో బురద తీసినారు. నావను ఎత్తుకొనిపోతే చాలదా, ఈ కొలతలెందుకు అని శ్రోతలు అడుగవచ్చు. ఇటలీలో నెమీ సరస్సు నీటిని తోడి వెలికితీసిన కలిగులా చక్రవర్తి మహానౌకలు రెండూ 1944 మే 31 రాత్రి మంటలలో భస్మమైనవి. నేడు వాటి నిర్మాణం మనకు తెలియడానికి ప్రధానాధారం అంతకుముందు తీసిన కొలతలూ, గీచిన పటాలూ మాత్రమే.

గలిలయ నావ చక్రవర్తులది కాదు. పొడవు సుమారు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర. అమెరికానుండి వచ్చిన ప్రాచీన నౌకానిర్మాణ నిపుణుడు రిచర్డ్ స్టెఫీ దానిని గ్రంథం చదివినట్లు చదివినారు. కట్టినవాడు నేర్పరి, కాని మంచి కలప దొరకనివాడు. దేవదారు పలకల మధ్య చేతికందిన కొయ్యనెల్ల అతికినారు; పరీక్షలో 12 రకాల కలప తేలినది. వెన్నుకొయ్యలో ఒక భాగం అంతకుముందే వేరొక నావలో ఊడిగం చేసినది! మరమ్మతులకిక లొంగని దశలో, పనికివచ్చే భాగాలను ఊడదీసుకొని, మిగిలిన దేహాన్ని నీటిలోకి త్రోసివేసినారు. అంటే ఇది తుఫానుపాలైన నావ కాదు.

కొయ్యను పరీక్షించగా క్రీస్తుకాలానికి ఇటునటుగా కట్టినదని తేలినది. పత్రికలు "యేసు పడవ" అని పేరు పెట్టినవి. కాలం సరిపోవుచున్నది గాని, ఆ పేరుకు వేరే ఆధారం లేదు. పేరులేని ఒక బెస్తవాని నావ అనుకొంటే దాని విలువ తగ్గుతుందని నాకు తోచదు.

సంరక్షణ నిపుణురాలు ఓర్నా కోహెన్ పర్యవేక్షణలో నావను గట్టిపడే రసాయనపు నురుగుతో చుట్టి, సరస్సుపై తేల్చి ఒడ్డుకు చేర్చినారు. తొట్టిలో నీరు నింపి ఉంచినపుడు దోమపిల్లలను తినడానికి చేపలను వదలినారు. పిదప కొయ్యలోని నీటి స్థానంలో మైనంవంటి రసాయనాన్ని ఏండ్ల తరబడి ఇంకించినారు. 2000 సంవత్సరంలో ఆ నావ ఇగాల్ అలోన్ ప్రదర్శనశాలలో తన చోటికి చేరినది.