దొరకడం లేదా, వెతకడం లేదా?

పోయిన వారం హైదరాబాద్ నుంచి ఒక డిజిటల్ సంస్థ వాళ్లు ఫోన్ చేశారు. "సోషల్ మీడియా పనికి నిజంగా పని తెలిసినవాళ్లు దొరకడం లేదు సార్, మీ స్టూడెంట్స్‌లో ఎవరైనా ఉంటే చెప్పండి" అన్నారు. నేను వెంటనే రెండు పేర్లు చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక సిగ్గనిపించింది. ఆ ఇద్దరూ క్లాసులో ఇంగ్లిష్ బాగా మాట్లాడేవాళ్లు. వాళ్లు చేసిన వీడియో ఒక్కటి కూడా నేను చూడలేదు.

"దొరకడం లేదు" అనే మాటకు చరిత్ర ఉంది. 1996లో వాషింగ్టన్ పోస్ట్ ఢిల్లీ విలేకరి, నల్లజాతీయుడైన కెన్నెత్ కూపర్, ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలనుకున్నాడు. ఎవరైనా ఉన్నారా అని సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్‌ను అడిగాడు. ముప్పై ఏళ్లు ఆ వృత్తిలో ఉన్న ఉనియాల్‌కు ఒక్క పేరూ గుర్తుకు రాలేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది పాత్రికేయుల జాబితా ముందేసుకుని వెతికినా ఒక్కరూ దొరకలేదు. ఆ సంగతే ఆయన పయనీర్ పత్రికలో రాశాడు.

దళితుల్లో రాయగలిగినవాళ్లు లేకనా? 1920లోనే అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పెట్టారు. 1931లో మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' పత్రిక నడిపారు. మనుషులు ఉన్నారు. న్యూస్‌రూమ్ తలుపే మూసి ఉంది.

ఉనియాల్ వెతుకులాట జరిగిన ఆరేళ్లకు, 2002లో, ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్ జిల్లాలో 'ఖబర్ లహరియా' మొదలైంది. నడిపింది దళిత, ఆదివాసీ, ముస్లిం, వెనుకబడిన కులాల పల్లె ఆడవాళ్లు. చాలామందికి పెద్ద చదువుల్లేవు. బుందేలీలో వార్తలు రాశారు. తర్వాత అచ్చు వదిలి మొబైల్ వీడియోలకు మారారు. వాళ్ల మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. రెజ్యూమే చూసి ఎంచుకుని ఉంటే వాళ్లలో ఎంతమందికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చేది?

అందుకే పని తెలిసినవాళ్లు కావాలనేవాళ్లు పనినే చూడాలి. ఫాలోవర్ల లెక్క నైపుణ్యం కాదు, దాన్ని డబ్బులిచ్చి కొనుక్కోవచ్చు. "ఈ వీడియోలో నువ్వు చేసిందేమిటి? ఏ ముక్క తీసేశావు, ఎందుకు తీసేశావు? తప్పు దొర్లితే ఎలా దిద్దుకున్నావు?" అని అడగండి. ఒక చిన్న పని ఇచ్చి చేయించుకోండి. దానికి డబ్బులివ్వండి.

అలా చూస్తే నాకు మూడో పేరు దొరికింది. నా క్లాసులో వెనక బెంచీ కుర్రాడు. మొన్న ఏప్రిల్ 14న తన వాడలో పగిలిన ఫోన్‌తో నాలుగు నిమిషాల వీడియో తీశాడు. వాళ్ల నానమ్మ మాటకు ఎక్కడా అడ్డు రాలేదు. ఒక ఏడాది తప్పు పడిందని ఎవరో కామెంట్ పెడితే, గంటలో సరిచేసి, తప్పు తనదేనని రాశాడు.

మళ్లీ ఫోన్ చేసి అతని పేరు చెప్పాను. "ఇంగ్లిష్ ఎలా ఉంటుంది సార్?" అన్నారు. వీడియో లింక్ పంపాను.

ఇంకా జవాబు రాలేదు. ఎదురుచూస్తున్నాను.

జై భీమ్.