సింగపూరులో శయ్యాపార్శ్వపు లాక్టేట్ పరీక్ష

సింగపూరున ఔట్రమ్ రోడ్డు చేరువ, ఒకప్పుడు భారతీయ సైనికులు నివసించిన కారణమున సిపాయి లైన్సు అని పేరుపడిన ప్రదేశమునకు 1882లో జనరల్ ఆసుపత్రి తరలివచ్చెను. 1905లో అచ్చటనే 23 మంది విద్యార్థులతో వైద్యపాఠశాల వెలసెను. 1926లో 800 పడకల నూతన భవనములు తెఱవబడెను. ఆనాటి వైద్యునకు నాడి, శ్వాస, ఒడలి చల్లదనము, ఇవియే ప్రమాణములు. రోగి దేహములోని కణజాలము ఎంత సంకటమున నున్నదో తెలుపు అంకె అతనికి లభ్యము కాలేదు.

ఆ అంకెకు బీజము జర్మనీలో ఎన్నడో పడినది. 1843లో షేరర్ అను వైద్యుడు సూతికాజ్వరముతో గతించిన స్త్రీల రక్తమున లాక్టిక్ ఆమ్లమును గుర్తించెను. షాకులో పడిన రోగికి రక్తమున ఈ యామ్లపు లవణరూపమైన లాక్టేట్ హెచ్చినకొలది బ్రదుకుటకు ఆశ సన్నగిల్లునని 1964లో అమెరికాలో బ్రోడర్, వైల్ నిరూపించిరి.

అయితే రక్తమును దూరపు పరీక్షాలయమునకు పంపుటలో నొక చిక్కు కలదు. మైటోకాండ్రియా లేని ఎఱ్ఱకణములు గొట్టములో పడిన పిమ్మటను చక్కెరను లాక్టేట్‌గా మార్చుచునే యుండును. కావున జాగైనకొలది, అందులోను ఉష్ణదేశమున, అంకె తనంత తానే పెరుగును. బూడిదరంగు మూతగల గొట్టములో ఫ్లోరైడు కలుపుట, మంచులో పెట్టి పంపుట దీనికై పుట్టిన ఉపాయములే. లాక్టేట్ ఆక్సిడేజ్ అను ఎంజైమును ఎలక్ట్రోడుపై నిలిపి, అప్పుడు పుట్టు హైడ్రోజన్ పెరాక్సైడు వలన కలుగు విద్యుత్ప్రవాహమును కొలుచు నేర్పు అలవడిన పిమ్మట ఈ బాధ చాలవఱకు తీరెను. మణికట్టు ధమనినుండి హెపారిన్ సిరింజిలోనికి తీసిన రక్తమును ఐ.సి.యు.లోనే యున్న బ్లడ్ గ్యాస్ యంత్రమునకు అందించినచో, కొలది నిమిషములలో అంకె వెలువడును. లీటరుకు 2 మిల్లీమోలులు దాటిన అనుమానింపవలెను, 4 దాటిన త్వరపడవలెను. ఎడ్రినలిన్, కాలేయవ్యాధి కూడ దానిని పెంచునని మఱువరాదు.

2009 జూలైలో సింగపూరు నేషనల్ యూనివర్సిటీ ఆసుపత్రి వైద్యుల నాయకత్వమున 16 ఆసియా దేశములలోని 150 ఐ.సి.యు.లలో 1285 మంది తీవ్ర సెప్సిస్ (అంటు సోకి అవయవములు చెడు స్థితి) రోగులు పరిశీలింపబడిరి. ఆరు గంటలలో లాక్టేట్ కొలుచుట మొదలుగాగల ఆదికృత్యములన్నియు జరిగినది నూటికి 7.6 మందికే, ఆసుపత్రిలో మరణించినవారు నూటికి 44.5. కొలుచు కాలమును సాధనము నిమిషములకు కుదించినను, కొలువవలెనన్న పట్టుదలయు, కొలిచిన వెంటనే సాగవలసిన చికిత్సయు ఆ వేగము నందుకొనలేదు.