తనలోని ప్రత్యర్థి: ‘అసమర్థుని జీవయాత్ర’లో వంశప్రతిష్ఠ, ఆత్మవిధ్వంసం

వ్యాససంగ్రహం

త్రిపురనేని గోపీచంద్ 1947లో వెలువరించిన ‘అసమర్థుని జీవయాత్ర’ తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా ప్రసిద్ధి పొందింది. కథానాయకుడు సీతారామారావు పతనాన్ని ఒక బలహీనుడి వ్యక్తిగత వైఫల్యంగానో, క్షీణిస్తున్న భూస్వామ్య వర్గానికి ప్రతీకగానో వివరించడం పరిపాటి. అతణ్ని నాశనం చేసిన ప్రత్యర్థి అతనిలోనే ఉన్నాడనీ, ఆ ప్రత్యర్థి దుర్గుణ రూపంలో కాక వారసత్వంగా వచ్చిన సుగుణ రూపంలో ఉన్నాడనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రత్యర్థి తర్వాతి తెలుగు నవలల్లో పొందిన రూపాంతరాలను కూడా సంక్షిప్తంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గోపీచంద్, మనోవైజ్ఞానిక నవల, వంశప్రతిష్ఠ, అధ్యహం, ద్వంద్వ వ్యక్తిత్వం.

1. ఉపోద్ఘాతం

మనిషికి మనిషే శత్రువన్న మాట మన సంప్రదాయానికి కొత్త కాదు. ఆత్మకు ఆత్మే బంధువు, ఆత్మే శత్రువు అన్న భావన భగవద్గీత ఆరవ అధ్యాయంలో ఉంది. కామక్రోధాదులను అరిషడ్వర్గం అన్నప్పుడు ‘అరి’ అన్న మాటే ఆ శత్రుత్వాన్ని చెబుతుంది. శతక కవులు కోపాన్నీ లోభాన్నీ మనిషి సొంతింటి శత్రువులుగా లెక్కించారు. అయితే ఈ భావనలన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. శత్రువు ఎప్పుడూ దుర్గుణమే. సాధకుడు దాన్ని గుర్తించగలడు, జయించగలడు. జయించకపోతే ఆ దోషం అతని సాధనది.

పాశ్చాత్య సాహిత్యంలో ఈ అంతశ్శత్రువు పంతొమ్మిదో శతాబ్దిలో ప్రత్యేక పాత్రగా రూపుకట్టాడు. దాస్తొయెవ్‌స్కీ 1846లో ‘ది డబుల్’ రాశాడు. అందులో ఒక చిరుద్యోగికి అచ్చం తనలాంటి మరొకడు ఎదురై అతని స్థానాన్ని ఆక్రమిస్తాడు. స్టీవెన్‌సన్ 1886లో ప్రచురించిన జెకిల్, హైడ్‌ల కథలో గౌరవనీయుడైన వైద్యుడి లోపలి దుష్టుడికి వేరే దేహమే లభించింది. 1914లో ఆటో రాంక్ ఈ ‘ప్రతిరూపం’పై మనోవిశ్లేషణ దృష్టితో దీర్ఘవ్యాసం రాశాడు. 1923లో ఫ్రాయిడ్ ‘అధ్యహం’ అనే భావనను ప్రవేశపెట్టాడు. తల్లిదండ్రుల ఆజ్ఞ శిశువు మనసులో స్థిరపడి, వారు లేనప్పుడు కూడా తీర్పులు చెబుతూ ఉంటుందన్నది దాని సారాంశం.

తెలుగు నవల ఈ రెండు సంప్రదాయాల నడుమ ఏ దారి పట్టింది? ‘అసమర్థుని జీవయాత్ర’ ఈ ప్రశ్నకు మొదటి గట్టి సమాధానం.

2. తండ్రి ఇచ్చిన ఆస్తి, తండ్రి ఇచ్చిన ఆజ్ఞ

సీతారామారావు సంపన్న కుటుంబంలో పుట్టినవాడు. తండ్రి నుంచి అతనికి సంక్రమించినవి రెండు: ఒకటి ఆస్తి, రెండోది వంశప్రతిష్ఠను నిలబెట్టాలన్న ఆజ్ఞ. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమైనవని గ్రహించకపోవడంలోనే కథ మొదలవుతుంది. ప్రతిష్ఠ నిలవాలంటే ఇవ్వాలి. ఇస్తే ఆస్తి నిలవదు. ఆస్తి పోయాక ప్రతిష్ఠ కూడా నిలవదు. బంధువులకూ ఆశ్రితులకూ ఇస్తూ పోయిన సీతారామారావు చివరికి ఇతరుల దయ మీద బతకవలసిన స్థితికి వస్తాడు.

ఇక్కడ గోపీచంద్ చేసిన మార్పు గమనించదగినది. సంప్రదాయం చెప్పిన ఆరుగురు శత్రువుల్లో ఏ ఒక్కడూ సీతారామారావును ముందుగా పడగొట్టలేదు. అతణ్ని పడగొట్టింది దాతృత్వం. బలి, కర్ణుడు, హరిశ్చంద్రుడు సర్వం ఇచ్చి పురాణాల్లో కీర్తిశేషులయ్యారు. ఆ ఆదర్శాన్ని రుణపత్రాలూ వడ్డీలూ ఉన్న లోకంలో ఆచరించినవాడు అసమర్థుడయ్యాడు. హరిశ్చంద్రుడికి కథాంతంలో రాజ్యం తిరిగి వస్తుంది. సీతారామారావుకు తిరిగి ఇచ్చే దేవతలు లేరు. పురాణకథను హేతుదృష్టితో తిరగరాయడం గోపీచంద్ తండ్రి, ‘సూతపురాణం’, ‘శంబుకవధ’ల కర్త త్రిపురనేని రామస్వామి చేసిన పని. పురాణాన్ని ప్రస్తావించకుండానే దాని ఆదర్శాన్ని ఒక ఆధునిక కుటుంబంలో పెట్టి పరీక్షించడం కుమారుడు చేసిన పని.

చారిత్రక నేపథ్యాన్ని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. గోపీచంద్ 1910లో కృష్ణా జిల్లా అంగలూరులో జన్మించారు. 1855 నాటికి పూర్తయిన కృష్ణా ఆనకట్ట డెల్టా గ్రామాలకు నీటినీ, నీటితోపాటు మిగులునూ, మిగులుతోపాటు పేరుప్రతిష్ఠల పోటీనీ తెచ్చింది. 1929 తర్వాతి ఆర్థికమాంద్యంలో ధాన్యం ధరలు పడిపోయి భూమినే నమ్ముకున్న కుటుంబాలు అప్పుల పాలయ్యాయి. మద్రాసు ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం చేయవలసి వచ్చింది. అప్పటిదాకా అప్పు తీర్చడం మాటకు, మర్యాదకు సంబంధించిన విషయం. చట్టం దాన్ని లెక్కకు సంబంధించిన విషయంగా మార్చింది. న్యాయశాస్త్రం చదివిన గోపీచంద్‌కు ఈ మార్పు తెలియనిది కాదు. చుట్టూ లోకం లెక్కలోకి మారుతున్నప్పుడు మాటలోనే మిగిలిపోయినవాడు సీతారామారావు.

3. ‘ఎందుకు’ అన్న ప్రశ్న

గోపీచంద్ ఈ నవలను తన తండ్రికి అంకితం చేశారు. తనకు ‘ఎందుకు’ అని ప్రశ్నించడం నేర్పినందుకు ఆ అంకితం. తెలుగు పాఠకలోకంలో ఇంతగా ప్రసిద్ధి పొందిన అంకితవాక్యాలు తక్కువ. దాన్ని హేతువాద నివాళిగా మాత్రమే చదివి వదిలేయడం వల్ల నవలలోని ఒక ముఖ్యమైన వైరుధ్యం మరుగున పడుతున్నది.

పుస్తకం బయట ఒక తండ్రి ఉన్నాడు. ఆయన కొడుక్కి ప్రశ్నను ఇచ్చాడు. పుస్తకం లోపల ఒక తండ్రి ఉన్నాడు. ఆయన కొడుక్కి ప్రశ్నించరాని ఆజ్ఞను ఇచ్చాడు. మొదటి తండ్రిని రెండో తండ్రికి విరుగుడుగా నిలిపితే నవల సులభమైన ప్రబోధమయ్యేది: సీతారామారావు ప్రశ్నించి ఉంటే బాగుపడేవాడు అని సరిపెట్టుకొనేవాళ్లం. నవల అలా నడవలేదు. సీతారామారావు ప్రశ్నించనివాడు కాదు. ఆస్తి పోయిన తర్వాత అతను చేసేదంతా ప్రశ్నించడమే. ప్రేమ ఎందుకు, కుటుంబం ఎందుకు, ఉద్యోగం ఎందుకు, సానుభూతి ఎందుకు అని ప్రతిదాన్నీ విప్పి చూస్తాడు. ఏ బంధం వెనకైనా స్వార్థాన్ని చూపించగలడు. ఒక్కదాన్ని మాత్రం ప్రశ్నించడు: తన విలువను తండ్రి పేరుతో కొలుచుకోవడాన్ని.

సీతారామారావులోని విధ్వంసక ద్వితీయ వ్యక్తి స్వరూపం ఇదే. హైడ్ వలె అతను తర్కహీనుడైన పశువు కాదు, తర్కకుశలుడు. అధ్యహం ఇచ్చిన తీర్పుకు హేతువాదం అతనిలో న్యాయవాదిగా పనిచేస్తుంది. నీవు వంశానికి తగినవాడివి కావు అని తీర్పు ముందే వచ్చింది. సాక్ష్యాలను తర్కం రోజూ సేకరించి పెడుతుంది. ఆ సాక్ష్యాలు నిలవాలంటే చుట్టూ ఉన్నవారి మంచితనం అబద్ధమని తేలాలి. అందుకే అతనికి ఎవరైనా మేలు చేస్తే కృతజ్ఞతకు బదులు కోపం వస్తుంది.

రామయ్యతాత పాత్ర ప్రయోజనం ఈ సందర్భంలోనే స్పష్టమవుతుంది. మనిషికీ ప్రకృతికీ, వ్యక్తికీ సంఘానికీ మధ్య సమన్వయం అవసరమన్న దృష్టి ఆయనది. ఆయన మాటలను రచయిత సందేశంగా భావించేవారున్నారు. సందేశమే ప్రధానమైతే అది సీతారామారావును రక్షించి ఉండాలి. కాని ఉత్తమమైన ఉపదేశం కూడా ఆ చెవిని చేరే సరికి మరో ఆరోపణగా మారుతుంది. లోపలి ప్రత్యర్థి బయటి మాటను ఎలా అనువదించుకుంటాడో చూపించడమే ఆ సంభాషణల సార్థకత.

గోపీచంద్ ఎం.ఎన్. రాయ్ ఆలోచనలతో ప్రభావితులై రాడికల్ డెమోక్రటిక్ పార్టీలో పనిచేశారు. తర్వాతి కాలంలో అరవిందుల తత్త్వం వైపు మొగ్గారు. మరణానంతరం 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’ ఆ దశకు చెందినది. ఈ ప్రయాణాన్ని హేతువాదం నుంచి ఆధ్యాత్మికతకు జరిగిన ఆకస్మిక మలుపుగా చెప్పనక్కరలేదు. హేతువు ఒక్కటే మనిషిని నిలబెట్టలేకపోవచ్చునన్న అనుమానం హేతువాది అయిన తండ్రికి అంకితమిచ్చిన పుస్తకంలోనే ఉంది.

4. ఇందిర వైపు నుంచి

పై వాదానికి ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. సీతారామారావును తన అంతశ్శత్రువు చేతిలో నలిగిన బాధితుడిగా మాత్రమే చదివితే అతని చేతిలో నలిగినవారు కనుమరుగవుతారు. నవల అంతంలో అతను మతి చెడి, శ్మశానంలో తన చేతులతోనే తన్ను అంతం చేసుకుంటాడు. ఆ దృశ్యం తీవ్రత వల్ల పాఠకుడి జ్ఞాపకంలో ఆత్మహింసే మిగులుతుంది. అయితే అంతకుముందు చాలాకాలం ఆ హింసను భరించింది భార్య ఇందిర. తనపై తనకున్న ద్వేషాన్ని అతను ముందుగా తీర్చుకున్నది ఇంట్లో.

ఆత్మవిధ్వంసం ఎప్పుడూ ఒక్కరి వ్యవహారంగా ఉండదు. ‘వంశం’ అనే మాటలో స్త్రీకి పేరు లేదు, కాని వంశప్రతిష్ఠకు చెల్లించే మూల్యంలో మొదటి వంతు ఆమెదే. సీతారామారావు ఆస్తిని ఇచ్చివేసినప్పుడు అది అతని ఒక్కడి ఆస్తి అన్నట్లే ఇచ్చాడు. ఇందిర ఓర్పును ఆదర్శ గృహిణి లక్షణంగా మెచ్చుకున్న దృష్టి ఈ లెక్కను వదిలేసింది.

5. రూపాంతరాలు

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1952లో పుస్తకంగా వచ్చింది. దయానిధిని వెంటాడేది తల్లిని గురించి లోకం చెప్పుకొన్న అపవాదు. సీతారామారావుకు తండ్రి కీర్తి భారమైతే దయానిధికి తల్లి అపకీర్తి భారం. ఒకడు తగనివాడినని కుమిలిపోతే మరొకడు ప్రేమించలేనని కుమిలిపోతాడు. అయితే దయానిధి చివరికి తనతో తాను రాజీపడటం నేర్చుకుంటాడు. 1950ల ప్రారంభంలో వచ్చిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్యకు వంశభారం లేదు. బలవంతుల ముందు ముడుచుకుపోయే భయమే అతని రెండో మనిషి. 1969లో వెలువడిన నవీన్ ‘అంపశయ్య’ ఈ సంఘర్షణను ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహానికి తెచ్చి, రవి జీవితంలోని ఒక్క రోజుకు కుదించింది. పల్లె నుంచి చదువుకోవడానికి వచ్చిన ఆ పేద విద్యార్థిని పొడిచే బాణాల్లో ఇంటివారు అతనిపై పెట్టుకున్న ఆశ కూడా ఒకటి.

తండ్రి పేరు, తల్లి అపవాదు, బలవంతుడి చూపు, ఇంటివారి ఆశ. నాలుగు నవలల్లోనూ అంతశ్శత్రువు లోపల పుట్టినవాడు కాదు, బయటినుంచి వచ్చి లోపల కాపురం పెట్టినవాడు. పాశ్చాత్య ప్రతిరూపం తరచుగా సంఘం అణచిన కోరిక నుంచి పుడితే, ఈ తెలుగు నవలల్లోని ప్రతిరూపం సంఘం మోపిన అంచనా నుంచి పుట్టింది. ఈ పరంపరకు సీతారామారావు ఆద్యుడు.

6. శంషాబాదు నుంచి ఒక పునఃపఠనం

ఈ వ్యాసానికి ప్రేరణ గ్రంథాలయంలో కలగలేదు. వ్యాసకర్త పెరిగింది శంషాబాదు ప్రాంతంలో. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం అయిదువేల ఎకరాలకు పైబడిన నేలపై 2005లో మొదలై 2008 మార్చిలో ప్రారంభమైంది. దాని చుట్టుపక్కల గ్రామాల్లో తరతరాల భూమి ఒకే తరంలో డబ్బుగా మారింది. ఆ రోజుల్లో పెళ్లిళ్లలో, పండుగల్లో తరచుగా వినిపించిన మాట ‘పెద్దాయన పేరు పోవద్దు’ అన్నది. ఆ మాట మీద భోజనాలు పెట్టారు, అప్పులిచ్చారు, హామీలున్నారు. డబ్బు అయిపోయాక ఆ ఇళ్లలో మౌనంగా కూర్చున్న మగవారిని ఊరు ఒకే మాటతో తేల్చివేసింది: చేతకానివాడు. ‘అసమర్థుడు’ అన్న మాటకు అది వాడుక రూపం.

కృష్ణా డెల్టాకూ, మూసీకి దక్షిణాన ఉన్న ఈ మెట్టనేలకూ, 1947కూ 2008కీ చరిత్రలో పోలిక తక్కువ. అక్కడ మాంద్యం, ఇక్కడ ధరల ఉప్పెన. అయినా నేల నగదుగా మారే వేళ ‘పేరు’ మనిషిపై పెత్తనం చేసే తీరు ఒకటే. ఇవ్వమని చెప్పేదీ అదే, ఇచ్చి చెడినవాణ్ని చేతకానివాడనేదీ అదే.

7. ముగింపు

గోపీచంద్ తన నవలకు ‘జీవితయాత్ర’ అని కాక ‘జీవయాత్ర’ అని పేరు పెట్టారు. జీవుడి ప్రయాణం మన వాడుకలో శ్మశానం దాకా, అక్కడి నుంచి ఆవలికీ సాగేది. ఈ నవలలో అది శ్మశానంలోనే ఆగింది. ‘అసమర్థుని’ అన్న విశేషణాన్ని రచయిత తీర్పుగా తీసుకోవడం మనకు అలవాటైంది. అది ఊరు ఇచ్చిన తీర్పు. దాన్ని సీతారామారావు అప్పీలు లేకుండా అంగీకరించాడు. తనపై అమలు చేసినవాడు కూడా తానే. ఈ నవలను బోధించేటప్పుడు అతను ఎందుకు అసమర్థుడయ్యాడు అని విద్యార్థులను అడుగుతున్నాం. ఆ మాట అతనికి ఎవరు పెట్టారు, అతను దాన్ని ఎందుకు నమ్మాడు అని అడగడం తండ్రి నేర్పిన ‘ఎందుకు’కు మరింత న్యాయం చేస్తుంది. ఆ ప్రశ్న వేసినప్పుడు సీతారామారావుతో పాటు ఇందిరకు కూడా సమాధానం చెప్పవలసి ఉంటుంది.