గురువు రాని ఏళ్లలో పండుగ

పొన్నూరు ప్రాంతంలో క్రైస్తవం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి ప్రొటెస్టెంటు సంఘాలే. 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హెయర్‌తో మొదలైన లూథరన్ మిషన్, నిడుబ్రోలులో ఆసుపత్రి పెట్టిన సాల్వేషన్ ఆర్మీ, బాపట్ల వైపు బాప్టిస్టులు ఇక్కడి పల్లెలకు బడినీ బైబిలునూ తెచ్చారు. పునీతుల పండుగల జోలికి వాళ్లు పోలేదు. అందువల్ల ఈ సీమలో ఒక మాట బాగా పాతుకుపోయింది. ప్రొటెస్టెంటులది చదువుకునే భక్తి అనీ, కతోలికులది తేరు వెంట నడిచే భక్తి అనీ అంటారు. చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే ఈ విభజన నిలవదు. ఇక్కడి కతోలికులకు లేఖనం అందిందే పండుగ చేతిమీదుగా. నేటి దినవారీ వాక్యధ్యానం ఆ పాత పండుగ క్రమంలోంచి పెరిగిందే తప్ప, దాన్ని తోసిరాజని వచ్చింది కాదు.

మొదటి సాక్ష్యం వలసల కాలం నాటిది. పద్దెనిమిదో శతాబ్దిలో కర్ణాటక మిషన్ జెస్యూట్ గురువుల దగ్గర జ్ఞానస్నానం పొందిన రాయలసీమ రెడ్డి కుటుంబాలు కరవులకూ దండయాత్రలకూ తాళలేక గుంటూరు సీమకు తరలివచ్చాయి. ఫిరంగిపురం, పాటిబండ్ల, పొన్నూరుకు వాయవ్యంగా వట్టిచెరుకూరు మండలంలోని ముట్లూరు అలా కతోలిక ఊళ్లయ్యాయి. వాళ్లు నిలదొక్కుకుంటుండగానే 1773లో పోపు పద్నాలుగో క్లెమెంటు జెస్యూట్ సభను రద్దు చేశాడు. 1776లో పుదుచ్చేరి కేంద్రంగా పారిస్ విదేశీ మిషన్ వారు బాధ్యత తీసుకున్నా, గురువులు కొద్దిమంది, దూరాలు ఎక్కువ. గురువు లేనిదే దివ్యబలిపూజ లేదు, పాపసంకీర్తనం లేదు. అచ్చయిన తెలుగు బైబిలు ఇంటింటా ఉన్న కాలమూ కాదది. ఇక ఇంటివాళ్ల చేతిలో మిగిలేవి మూడే. అత్యవసరంలో ఎవరైనా ఇవ్వదగిన జ్ఞానస్నానం, నోటికి వచ్చిన జపమాల, తేదీ తప్పని పండుగ. 1820లలో క్లెమెంట్ బొన్నాన్ గురువు తెలుగు నేలకు వచ్చేనాటికి ఈ సంఘాలు బతికే ఉన్నాయి. ఆపైన 1832-33 నాటి గుంటూరు కరవు జిల్లాలో లక్షకు పైగా ప్రాణాలు తీసింది. దాన్నీ దాటి నిలిచాయి.

నిలిపింది పండుగేనని ఎలా చెప్పగలం? పేర్లు చూడండి. రాయప్ప, చిన్నప్ప, శౌరి, ఇన్నయ్య, అంతోనయ్య, జోజప్ప. పేతురు, పౌలు, ఫ్రాన్సిస్ జేవియర్, ఇగ్నేషియస్, ఆంథోని, యోసేపులు ఈ సీమలో రెడ్డి, మాల, మాదిగ కుటుంబాల ఇంటిపేర్ల పక్కన తరతరాలుగా కుదురుకున్నారు. పేరు పెట్టుకున్న పునీతునికి ఏడాదిలో ఒక రోజు ఉంటుంది. ఆ రోజుకొక కథ ఉంటుంది. జూన్ 29 రాయప్ప, చిన్నప్పల పండుగ. ఆనాటి పఠనం అపొస్తలుల కార్యాలు పన్నెండో అధ్యాయం. చెరసాలలో ఇద్దరు సైనికుల నడుమ సంకెళ్లతో నిద్రపోతున్న పేతురును దేవదూత పక్కలో తట్టి లేపుతాడు, సంకెళ్లు రాలిపోతాయి. పూజ లాటిన్‌లో సాగినా, ఉపదేశి ఆ కథను తెలుగులో విప్పి చెబితే అక్షరం రానివాళ్లకూ అందేది. లేఖనాన్ని తెలుగు చేసుకోవాలన్న కోరిక ఈ సమాజానికి తొలినుంచీ ఉందనడానికి కావ్యాలే ఆధారం. తుమ్మ వంశపు రెడ్డి ఆదరణలో పింగళి ఎల్లనార్యుడు తొభ్య చరిత్ర రాశాడు, మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరితను వేదాంత రసాయనంగా పద్యాల్లో పెట్టాడు. తొభ్య గ్రంథం ప్రొటెస్టెంటుల బైబిలులో లేనిది. తమ లేఖనంలోనిదే ఒక కథ ఎంచుకుని ప్రబంధం చేయించుకున్నవాళ్లను చదవని భక్తులనడం అన్యాయం.

ఇదంతా పేరు మార్చుకున్న తిరునాళ్లేనని కొందరంటారు. పైకి చూస్తే పోలికలున్న మాట నిజమే. జెండా ఎగరేస్తారు, తొమ్మిది సాయంత్రాలు నవదిన ప్రార్థనలు చేస్తారు, చివరి రాత్రి బ్యాండు మేళంతో తేరు వీధులు తిరుగుతుంది. 1924లో ఆర్లాటి గురువు లూర్దు మాత స్వరూపం నిలిపిన గుణదల కొండ మీద తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. తెలుగువాడి మొక్కుబడి తెలుగు రూపంలో ఉండక మరెలా ఉంటుంది? కానీ ఊరి తిరునాళ్ల సాధారణంగా పంట చేతికొచ్చాక, చేతులు ఖాళీ అయ్యాక పెట్టుకునేది. పునీతుల పండుగకు ఆ వెసులుబాటు లేదు. ఫిరంగిపురంలో కార్మెల్ మాత పండుగ జూలై 16న వస్తుంది, పత్తి విత్తే అదనులో. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న జరిగిన దర్శనాన్ని బట్టి గుణదల తేదీ కుదిరింది. అప్పుడు గుంటూరు చేలలో మిరప కోతలు ముమ్మరంగా ఉంటాయి. కోత కూలీకి ఆ రోజు కూలి డబ్బులు పోతాయి, రైతుకు పండుకాయ చేనులోనే ఆగిపోతుంది. అయినా జనం కదులుతారు. పొలం నిర్ణయించని తేదీకి పొలం మనుషులు ఇన్నేళ్లుగా లోబడి ఉన్నారంటే, పాత అలవాటుకు కొత్త పేరన్న వివరణ చాలదు.

రెండో ఆక్షేపణ బరువైనది. లూథరన్ బడులు అక్షరం నేర్పుతున్నప్పుడు కతోలిక పల్లె కథ వినడంతోనే సరిపెట్టుకుంది కదా అంటారు. ఒప్పుకోవాల్సిన మాటే. సొంతంగా పుట తిప్పి చదివే అలవాటు మనవాళ్లకు ఆలస్యంగా వచ్చింది. రెండో వాటికన్ మహాసభ (1962-65) తర్వాతే పూజ తెలుగులోకి మారింది. 1969 నాటి కొత్త పఠన క్రమం ఆదివారాలకు మూడేళ్ల వలయాన్నీ, మామూలు రోజులకు రెండేళ్ల వలయాన్నీ ఇచ్చింది. అంతకుముందు తపస్సు కాలం వంటివి తప్పిస్తే చాలా రోజులకు సొంత పఠనాలే లేవు. గడిచిన ఆదివారానివో, ఆనాటి పునీతునివో చదివేవారు. అంటే వారం మధ్యలో ఒక కొత్త వాక్యం వినబడిందంటే అది తరచూ పునీతుని పుణ్యమే. ఆ అలవాటు పడిన చెవులకే పూదోట జోజయ్య గురువు బైబులు భాష్యం తేలికగా చేరింది. ఈ రోజు పొన్నూరులో పూజకు వెళ్లినవాళ్లు వినే సువిశేష భాగం, అదే రోజు రోములో చదివేదే.

అన్నిటికన్నా గట్టిగా అడగవలసిన ప్రశ్న కులానిది. గుడిలో వేరు చోట్లు, పండుగలో ముందు వెనకల మర్యాదలు ఈ సమాజంలో ఉన్నాయి, నొప్పించాయి. తేరు ఎవరి వీధిలోకి వెళుతుంది, ఎవరి భుజం మీద ఉంటుందన్నది భక్తి విషయంగా మాత్రమే మిగల్లేదు. పండుగ సంఘాన్ని నిలిపిందని చెప్పే నా వాదన, ఆ సంఘంలోని ఎగుడుదిగుళ్లనూ అదే నిలిపిందన్న నిజాన్ని దాచకూడదు. ఇక్కడ మాత్రం రోజువారీ పఠనం తేరు చేయలేని పని చేయగలుగుతోంది. తేరుకు వంశపారంపర్య మర్యాదలు అంటుకున్నాయి గానీ, చదువు బల్ల దగ్గరికి వెళ్లడానికి అక్షరం వస్తే చాలు. మహాసభ తర్వాత గృహస్థులు పఠనాలు చదవసాగారు, వారిలో స్త్రీలూ ఉన్నారు. 2021 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ ఆ పరిచర్యను స్త్రీలకు చట్టబద్ధంగా తెరిచారు. మరుసటి ఏడాది ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. ఆ స్థానానికి చేరిన తొలి దళితుడు ఆయనే, జూన్ 13న పండుగ చేసుకునే పునీతుని పేరు మోస్తున్నవాడు.